ఐదో కాలు

జక్కూరు దాటాక, తెల్లవారుజామున నాలుగున్నరకి
ఆటో అబ్బాయి అడుగుతాడు:
"గుర్రాల దగ్గరికా మేడమ్, ఈ టైములో?"
ఒళ్లో కెమెరా సంచిని సర్దుకుంటూ అవునంటాను.
ఇంకేం అడగడు.
ఒంటి లైటుతో మంచుని తోసుకుంటూ పోతాడు.

మదనపల్లెలో పని నేర్పిన నాగభూషణం సారు
"పెళ్లిళ్లు తియ్యవే, పూట గడుస్తుంది" అనేవాడు.
"గుడ్డి గుర్రానికి పళ్లు తోముతానంటావేం!"
సారూ, ఇవి గుడ్డివి కావు.
లెన్సు మార్చేటప్పుడయ్యే ఆ కాస్త చప్పుడికే
రెండు చెవులూ నా వైపు తిప్పుతాయి.

ఈ పనిలో కంటికంటే చెవే ముఖ్యం.
గిట్టలు లెక్కపెట్టాలి.
మూడు, రెండు, ఒకటి,
మట్టి ఒక్కసారిగా మాట మానేస్తుంది.
అప్పుడు నొక్కాలి.
ముందు నొక్కితే ఫొటోలో భయం పడుతుంది,
తర్వాత నొక్కితే బరువు.
సరిగ్గా ఆ మధ్యన
ఐదు వందల కిలోల జంతువు మోకాళ్లు ముడుచుకుని
నాలిక చివర ఆగిన మాటలా ఉంటుంది.

పూణేకి పై బెర్తులో, మీరట్‌కి సగం దూరం నిలబడి.
చెన్నైకి ఒకసారి గుర్రాల లారీలోనే వెళ్లాను.
వేలూరు దగ్గర డ్రైవరు టీకి ఆపితే
వెనక నుంచి ఎవరో నా మెడ మీద వెచ్చగా ఊదారు.
మణపాక్కంలో మూడు రోజులు వాన. పోటీలు రద్దు.
లాడ్జి ఫ్యాను రెక్కలకి తడి సాక్సులు.
ఆ నెల అద్దె ఎలా కట్టానో గుర్తులేదు.
వానలో ఒక గోధుమరంగు గుర్రం
పై పెదవెత్తి ఆకాశాన్ని వెక్కిరించడం గుర్తుంది.

ఫొటోలు కొనేది తల్లిదండ్రులు.
"మా పాప మొహంలో వెలుతురు చాల్లేదు."
"గుర్రం నోటి దగ్గర ఆ నురగ తీసెయ్యండి."
"వెనక ఆ మనిషెవరు? కత్తిరించండి."
కత్తిరించేదాన్ని.
పన్నెండేళ్లు కత్తిరించాను.

ఆ మనిషి దస్తగిరి, పెనుకొండవాడు.
పోటీ కార్డు మీద గుర్రం పేరు సిల్వర్ మాన్సూన్.
దస్తగిరికి మాత్రం అబ్బిగాడు.
దానికి కడుపునొప్పి వస్తే రాత్రంతా నడిపించేవాడు,
మధ్యమధ్యలో ఏవో ఇంటి సంగతులు చెబుతూ.
బహుమతి ఇచ్చేటప్పుడు కళ్లెం పట్టుకున్న చెయ్యి అతనిదే.
నా ఫొటోల్లో అది మణికట్టు దాకానే ఉంటుంది.

మొన్న ఫిబ్రవరిలో అబ్బిగాణ్ని భోపాల్ వాళ్లకి అమ్మేశారు.
మర్నాడు దస్తగిరి వచ్చాడు,
చేతులు తుడుచుకుంటూ,
తుడుచుకోడానికి వాటికేమీ అంటకపోయినా.
"మేడమ్, మేమిద్దరమూ ఉండేది ఒగటన్నా ఉంటాదా?"

ఎందుకుండదూ అన్నాను.

యలహంకలో నా గది. నాలుగు హార్డ్ డిస్కులు.
కరెంటు పోతూ, వస్తూ.
భుజం దొరికింది. బక్కెట్టు దొరికింది. తువ్వాలు కొస దొరికింది.
మనిషి దొరకలేదు.

మూడో రాత్రి, కత్తిరించని అసలు ఫైళ్లు తెరిచాను.
ఉన్నాడు.
కంచె వెనక, కొంచెం మసగ్గా, నోరు తెరుచుకుని.
అబ్బిగాడు గాల్లో ఉన్న ప్రతిసారీ
దస్తగిరి కుడికాలు నేల వదిలి ఉంది.
బెత్తెడు. ఒక్కోసారి జానెడు.
అగరం మైదానంలో, పూణే దుమ్ములో,
దుప్పటి కప్పుకున్న మీరట్ చలిలో కూడా.
దూకేది నాలుగు కాళ్లే అనుకున్నాను ఇన్నాళ్లూ.

పెద్దది చేయించి ఇచ్చాను. డబ్బులొద్దన్నాను.
చాలాసేపు చూశాడు.
తన కాలు చూడలేదు. తనని తాను చూసుకోనే లేదు.
వేలితో కింద ఒకచోట తాకి,
"ఆ పొద్దు వానికి ఎనక ఎడమకాలి లాడం వదులుగా ఉండె మేడమ్.
జెప్తే ఎవరూ ఇన్లేదు.
అయినా దూకినాడు సూడు."
దాణా వేళైందని, ఫొటో చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రాత్రి ఇంటికొచ్చి జూమ్ చేశాను.
గిట్టకీ లాడానికీ మధ్య
గడ్డిపరకంత వెలుతురు.