పొద్దు పోని ఊళ్లో

ట్రోమ్సోలో జూన్ నెల.
పొద్దు కొండ మీదికి దిగినట్టే దిగి
ఏదో మరిచిపోయిన మనిషిలా మళ్ళీ పైకి పోతుంది.

గున్‌వోర్ ఇంట్లో నాది చేతుల ఉద్యోగం.
చేతులు నావి, నిర్ణయం ఆవిడది.
చేపల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు కత్తి పట్టిన చేతులు,
ఎవరూ చెప్పకుండానే పని వెతుక్కునే చేతులు.
వాటికి ఆగడం నేర్పేసరికి నెల పట్టింది.

మొదటి రోజే అంట్లన్నీ తోమేశాను.
ఆవిడ అక్షరాల పలక మీద చూపు నడిపింది.
నేను ఒక్కో అక్షరం పైకి చదవాలి,
అవునంటే కళ్ళు పైకెత్తుతుంది, కాదంటే మూస్తుంది.
"నేను అడిగానా?"
లేదు.
"అంట్లు నావి."
తళతళలాడే గిన్నెల ముందు
దొంగలా నిలబడ్డాను.

ఇంకోసారి ఆమ్లెట్ మాడుతుంటే
మాడనీ అంది.
హోమ్‌లో అన్నీ గోరువెచ్చగానే వచ్చేవట, కూరా, మాటా.
నలభై ఒకటో ఏట తన పొయ్యి మీద తన గుడ్డు మాడ్చుకుని
నల్లటి అంచు నమిలి
నవ్వింది. నాకు దగ్గు వచ్చింది.

ఆ హోమ్‌లో ఇరవై రెండేళ్లు.
ఏడున్నరకు డ్యూటీ మారేది గనక
ఏడుంబావుకే తెరలు లాగేసి
పొద్దుపోయింది, పడుకో, అనేవారు.
ఎక్కడికి పోయింది?
తెర పక్క బొటనవేలంత సందులోంచి వచ్చి
ఆవిడ దుప్పటి మీదే ఉండేది
రాత్రంతా, పసుపు గీతలా,
అది ఎవరికీ చెప్పేది కాదు, ఈవిడా చెప్పలేదు.

ఏప్రిల్‌లో మున్సిపాలిటీ ఉత్తరం:
రాత్రి గంటలు కోసేస్తాం,
బదులుగా డైపర్లు, నెలకు సరిపడా, ఉచితం.

విచారణ రోజు మంచు పడుతోంది.
లిఫ్టులో ఒక్క చక్రాల కుర్చీయే పడుతుంది,
మిగతా పదకొండూ కింద మెట్ల ముందే ఆగిపోయాయి.
ఎస్కిల్ ఒకదాని మీద ఒకటి మూడు కోట్లు వేసుకొచ్చాడు,
ముసలి ఊల్‌బ్యోర్గ్ ఫ్లాస్కు నిండా కాఫీ తెచ్చింది.
కిటికీలోంచి చూస్తే
వాళ్ల టోపీలు మెల్లగా తెల్లబడుతున్నాయి.

ఆఫీసరు టోర్‌ఫిన్ మంచివాడే. చిక్కల్లా అదే.
నా వైపు తిరిగి, మెత్తగా,
"రాత్రి రెండింటికి ఆవిడకు మనిషితో ఏం పని?" అన్నాడు.
నేను గోడ వైపు చూశాను.
అదీ నా ఉద్యోగమే.

పలక మీద మొదటి అక్షరం దొరికింది: బ.
"బాత్రూమా?" అన్నాడు గబుక్కున.
కళ్ళు మూసింది.
"బాధా? రాత్రిళ్లు బాధగా ఉంటుందా?"
మళ్ళీ మూసింది.
గడియారం ముల్లు వినబడుతోంది.
అతని పెన్ను మూత ఊడింది, పెట్టుకున్నాడు, ఊడింది.
బ-య-టి-కి.
"అంత రాత్రప్పుడు బయటికా? ఎందుకు?"

ఈసారి తొమ్మిది నిమిషాలు పట్టింది.
మధ్యలో నా గొంతు ఎండిపోయింది, నీళ్లు తాగలేదు.
"మీరు ఎందుకు వెళ్తారు?"

టోర్‌ఫిన్ ఏదో రాసి, కొట్టేసి,
కిటికీ దగ్గరికి వెళ్లి
కింద టోపీలు లెక్కపెట్టాడో ఏమో.

వారానికి రెండు రాత్రులు ఇచ్చారు.
మిగతా అయిదింటికీ అప్పీలు నడుస్తోంది.

ఈ రాత్రి ఆ రెండింట్లో ఒకటి.
రేవు గట్టు మీద ఒంటిగంటన్నర.
ఆవిడ మెడ దగ్గర స్కార్ఫు జారింది,
నా చేయి లేచి, దారిలోనే ఆగింది.
"చలేస్తోందా?"
కళ్ళు మూసింది. సరే.

కాసేపటికి పలక అడిగింది.
"పొద్దుపోయిందా?"
అచ్చం హోమ్ నర్సు ముఖం పెట్టి.
నేను ఉత్తరానికి చూశాను,
నీళ్ల మీద పరుచుకుని ఉంది, ఎర్రగా, తీరిగ్గా.
లేదు, అన్నాను.
"అయితే ఇంకాసేపు."

నా కాళ్లు లాగుతున్నాయి.
ఆ మాట నాది, చెప్పుకోవచ్చు, చెప్పాను.
ఆవిడ చూపు పలక దాకా పోలేదు,
నేరుగా పక్కనున్న బెంచీ మీదికి వెళ్లింది,
మళ్ళీ నా మీదికి వచ్చింది.
కూర్చున్నాను.