పార పొడవు

సెప్టెంబరులో, శాంటా ఫే ఆఫీసు హాల్లో
కాగితం జెండాలు, పళ్ళాల్లో తీపిరొట్టెలు.
మైకు ముందు మా డైరెక్టరు "వారసత్వం" అన్నాడు
పదకొండుసార్లు. లెక్కపెట్టాను.
లెక్కపెట్టడమే నా ఉద్యోగం,
ఏ వాగులో ఎన్ని క్యూసెక్కులో.

చివరి వరసలో ఓ పెద్దావిడ, ఒళ్ళో టోపీ.
చప్పట్లన్నీ అయిపోయాక నా దగ్గరికొచ్చి
"పండగ చూశావుగా, బాగుంది.
మార్చిలో మా ఊరికి రా,
పార తెచ్చుకో" అంది.

వెళ్ళాను.
వాయెసీతోలో తెల్లవారి బకెట్ నీళ్ళ మీద మంచుపెంకు,
ఎండిన కాల్వగట్టు మీద నలభైమంది, నలభై ఆవిర్లు.
ఎదూవిహెన్ మేస్తాస్, ఈ కాల్వకి పెద్ద,
డెబ్భై నాలుగేళ్ళు, జేబులో గళ్ళ నోటుబుక్కు.
పేర్లు చదువుతోంది.
పలకనివాడి పేరు రెండోసారి చదువుతుంది,
అంతకుమించి ఏమీ అనదు.
"నన్ను ఎన్నుకున్న రోజు మగవాళ్ళు నవ్వారు,
జూన్‌లో ఆఖరి చేనుకి నీళ్ళందాక మానేశారు."

తన పారని నేలమీద పడుకోబెట్టి గీత గీసింది,
ఇంకోసారి పడుకోబెట్టి ఇంకో గీత.
రెండు పారల పొడవు ఒక మనిషి వంతు.
పళ్ళ డాక్టరుకీ అంతే,
మొన్న జైలునుంచి వచ్చినవాడికీ అంతే,
మీటరు ట్రక్కులోనే వదిలేసొచ్చిన నాకూ అంతే.

నా పక్క వంతు తెలెస్ఫోరోది.
వాళ్ళ నాన్న కాన్సస్ దాకా రైలుపట్టాలు పరిచాడనీ,
అన్న పేరు చర్చి గోడమీద రాతిలో ఉందనీ,
కొరియానుంచి పేరొక్కటే తిరిగొచ్చిందనీ
అతను చెప్పలేదు. కాఫీ పోస్తూ భార్య చెప్పింది.
అతనన్నది ఒకటే:
"చేతుల్తో కాదమ్మా, తొడతో తొయ్యి."

మట్టిలో విల్లో వేళ్ళు, గొర్రెదవడ, నీలం సీసా,
పసిపిల్ల బూటు ఒకటి.
సిగ్నలు లేక తవ్వుతున్న పదహారేళ్ళ అదాన్
దాన్ని దులిపి, గట్టుమీద ఎండలో పెట్టాడు,
ఎవరో అడగడానికొస్తారన్నట్టు.

అన్నాల వేళ బీన్స్, ఎర్ర మిరప పులుసు.
కారం, జాగ్రత్త అన్నారు.
ఖమ్మం మిర్చి యార్డు సంగతి నేనెత్తలేదు.
కళ్ళు తుడుచుకుంటూ మారు వడ్డించుకున్నాను.
ఈ మొక్క ఇటువైపు నుంచే ఓడెక్కి మాకొచ్చిందంటే
మా నాయనమ్మ నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు.

ఈ పెద్ద కాల్వనేమంటారని అడిగాను.
"అసేకియా మాద్రె."
తల్లికాల్వ.
పిల్లకాల్వ, పిల్లకాల్వ అంటూ పెరిగినదాన్ని,
వాటికో తల్లుంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఆ మాట అరబ్బులది" అంది ఎదూవిహెన్,
"స్పెయిన్ తోటల్లో తిరిగి, మా వాళ్ళ గాడిదలెక్కి
ప్యూబ్లోవాళ్ళ మొక్కజొన్న పక్కకి చేరింది.
ఎవరి చేను తడిపిందో చెప్పేవాళ్ళు
ఎవరి చేను మింగిందో కూడా చెప్పాలి.
మీ హాల్లో అది చెప్పలేదు."

మా వైపూ నీరటి అని ఒకడుండేవాడు.
తూము తీసి, మడిమడికీ వంతు చూసి,
అర్ధరాత్రి కందిలితో గట్టంతా తిరిగి
అందరిచేతా తిట్లు తినేవాడు.
పేరు గుర్తులేదు. నీరటి అనే అన్నాం.

మూడింటికి తలుపు ఎత్తారు.
నీళ్ళు ఉరికి రాలేదు.
నురగ నెట్టుకుంటూ, ఆకులు మోస్తూ,
తాగినవాడు ఇల్లు వెతుక్కున్నట్టు వచ్చాయి.
వాటి ముందు పిల్లలు వెనక్కి నడుస్తూ,
ముసలాళ్ళు పక్కనే నడుస్తూ,
ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

వెళ్ళేముందు ఎదూవిహెన్ నోటుబుక్కు తీసింది.
సుభాషిణి అన్నాను.
సువాసిని అని రాసుకుంది.
దిద్దలేదు.
వచ్చే మార్చిలో చదువుతుంది ఆ పేరు.
పలక్కపోతే,
ఇంకోసారి.