బర్రెంకాకు

ఏరు ఎండి రాళ్లు తేలిన ఎండకాలం
బీచుపల్లి గోనెపట్టల చుట్టుకొచ్చిండు.
మూరకు నాలుగు వేళ్లు తక్కువ, పాతబెల్లం రంగు.
"రాయా, బొక్కా, జెర చూడు జములక్కా,
మడుగు అడుగున కాలికి తగిలింది."

సూది కాల్చి ఆనించిన.
కొమ్మైతే వెంట్రుక మాడిన వాసనొస్తది,
చిన్నప్పటి నుంచి నా బట్టలకున్న వాసన అది.
ఇది వేరే. పన్ను అరిగినట్టు, సన్నగ.
తెగిన అంచు తడిపి ఎండకు పెడితే
గీత మీద గీత, నారాయణపేట చీర గళ్లు.
"దంతంరా ఇది. ఏనుగుది."
"మన నడిగడ్డల ఏనుగులేడివక్కా?"
నన్నడుగుతడు. ఏరునడగాలె.

మా అయ్య బతుకంతా బర్రెకొమ్ము దువ్వెనలు కోసిండు.
కొమ్ముకు నూనె రాసి నిప్పు చూపిస్తే
మాట విన్న పిల్ల లెక్క వంగుతది.
దీనికి నిప్పు చూపొద్దని నాకెవరు చెప్పాలె?
ఎండ కూడా చూపొద్దని?
మొదటి ముక్క వాకిట్ల పెట్టి సంతకు పోయిన.
మాపటికి ఉల్లిగడ్డ పొట్టు.

మిగిలినదాన్ని తడిగుడ్డల ఏడు చుట్లు చుట్టి
ఊకగంపల, చీకట్ల పండబెట్టిన.
వారానికొక చుట్టు విప్పుడు.
బాలెంతను కూడా అంత పైలంగ చూసుకోలే.

కోసేటప్పుడు రంపం మీద బొట్టు బొట్టు నీళ్లు,
ముక్కుకు గుడ్డ.
ఆ పొడి రొమ్ముల కూసుంటే లేవది,
మా అయ్య దగ్గు నాకింకా వినపడుతది.
నడుమ గుజ్జంతా సున్నం లెక్క రాలింది.
పైచెక్క ఒక్కటే గట్టిగ నిలిచింది,
జానెడు.

"ఏం చెయ్యాల్రా?"
"వలకండె చెయ్యక్కా."
గద్వాల అంగట్ల ప్లాస్టిక్‌ది పదిహేను రూపాయలు.
అన్న. నవ్విండు. పోయిండు.

పోగు నడిచినట్టు ఆకురాయి నడవాలె,
అడ్డం పోతే చెక్క లేస్తది.
నాలుక చెక్కుడే కష్టం,
దారం జారాలె, తెగొద్దు.
నాలుగొద్దులు పట్టింది, రెండు సార్లు ఏడుపొచ్చింది.

గీతలు కంటికి పోయినా వేలికి పోవు.
ధరూరు తొవ్వల కంచె మీది బర్రెంకాకు
నీడకు ఎండబెట్టి, మళ్ల తడిపి,
గరుకు దిక్కు రుద్దిన. దినానికి ఇరవై ఆకులు.
ఆనక పొయ్యి బూడిద, చీరకొంగుల జల్లించింది.
ఆనక సుద్ద.
ఆనక ఏమీ లేదు, అరచెయ్యి.
సీరియల్ చూసుకుంట, బియ్యం ఎసరు చూసుకుంట
అరచెయ్యి.

ఒక పగులు మొన దాకా పోయింది.
మూయలే. తేనెమైనం తాపిన.
పగులు పగులే, గని పెరగలే.
తోక దిక్కు ఏరు పెట్టిన నీలిమరక
గీకనీకె చెయ్యి రాలే.

బీచుపల్లి వచ్చిండు. తిప్పి చూసిండు.
బాగున్నదనలే, బాగలేదనలే.
గడప మీదనే కూసోని నైలాన్ దారం చుట్టిండు,
చినిగిన వల మోకాళ్ల మీదేసుకొని
ముడి బిగియనీకె రెండు చేతులూ కావాల్సొచ్చి
కండెను పండ్ల నడుమ పట్టిండు.

నేను సుద్ద చేతులు కడుక్కోవడం మరిచి
ఆ నోరే చూస్తున్న.