దగ్గు

పోర్ట్ ఆంటోనియోలో వాన వెలిసింది.
జింకు రేకుల కంచె ఇంకా చుక్కలు రాలుస్తోంది.
స్పీకర్ పెట్టెల మీది టార్పాలిన్ లాగేశారు.
పోస్టరు మీద నాన్న పేరు అరచేయంత,
నా పేరు చిటికెన వేలంత,
మధ్యలో ‘కొడుకు’ అన్న మాట.

నా సొంత పాటలు మూడు పాడాను.
వేయించిన చేపలో ముళ్ళు ఏరుకుంటూ
మర్యాదగానే విన్నారు.
నాలుగోదానికి వెనకనించెవరో
“అల్రిక్ పాట!” అని కేకేశారు.
సిల్వర్టన్ నావైపు చూడలేదు.
డెబ్భై రెండేళ్ళ వేళ్ళు
అప్పటికే బేస్ తీగల మీద నడిచిపోతున్నాయి,
తాగినవాడు చీకట్లోనైనా ఇల్లు చేరినట్టు.

నాన్నది ఇసక గొంతు.
నాది నీళ్ళు కలిపిన పాలు –
పత్రికలో రాశారు, నా మాట కాదు.
ఆయన చెప్పులు నా కాళ్ళకి సరిగ్గా సరిపోతాయి.
అదే చిక్కు.
వదులైతే ఎప్పుడో విడిచేసేవాణ్ణి.

మూడో చరణం ముందు
మూడో దెబ్బ పడాల్సిన చోట డ్రమ్ము పడదు.
రికార్డులో అక్కడొక దగ్గు.
పొడిది, చిన్నది.
ఇంకో టేపుకి డబ్బుల్లేక ఉండిపోయింది.
బస్సు డ్రైవర్లు దగ్గుతారు, బడిపిల్లలు దగ్గుతారు
ఆ చోటు రాగానే.
క్షయ అన్నారు, పొగ అన్నారు,
రేడియోలో ఒకాయన
అది పేదవాడి నిట్టూర్పని గంటసేపు విప్పి చెప్పాడు.
నాన్న నవ్వేవాడు. అవుననడు, కాదనడు.

పోయిన ఆగస్టులో
ఆయన పోయిన తొమ్మిదో రాత్రి,
పెరట్లో డామినోలు బల్ల మీద ఫెళఫెళమంటుంటే
పళ్ళేలు కడుగుతూ అమ్మ అంది:
“మీ నాన్నా? పాడేటప్పుడు ఏనాడు దగ్గాడు?
ఆ పూట నిన్ను ఎవరి దగ్గర వదలను?
ఏడో నెల నీకు. జలుబు.
గుడ్డలో చుట్టి భుజానేసుకుని
తలుపు పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.
నువ్వు బిగబట్టలేదు.”

ఇదిగో, డ్రమ్ము ఆగింది.
నేను నోరు తెరిచేలోగా
నాలుగు వందల మంది ఒక్కసారే దగ్గారు,
చేతిలో చేప ముళ్ళతో, నవ్వుతూ,
నాన్నకే దగ్గుతున్నామనుకుంటూ.

మూడో చరణం అందుకోవడం ఆలస్యమైంది నాకు.
బేస్ ఆగలేదు. ఉన్నచోటే రెండు చుట్లు తిరిగింది,
గుమ్మంలో చెప్పులేసుకునేవాడి కోసం
నిలబడ్డ మనిషిలా.
తలతిప్పాను.
ఈసారి సిల్వర్టన్ నన్నే చూస్తున్నాడు.

ఆ రోజు ఆ గదిలో
ఆయనా ఉన్నాడు.