గడ్డి దూడ

తెల్లారుజామున మూడున్నరకి
మా అత్త వెంకాయమ్మ దగ్గుతుంది.
ఆ దగ్గుకి గేదెలు లేస్తాయి.
గేదెలు లేచాక నేను.
కొమ్మమూరు కాలవ మీంచి వచ్చే గాలికి
తడిసిన వరిగడ్డి వాసన, కుడితి వాసన.
ఇంటాయన చొక్కాది కూడా అదే.
పద్దెనిమిదేళ్ళ కాపురంలో
ఏది కొట్టందో ఏది మనిషిదో
విడదీయడం మానేశాను.

ఏడు గేదెలుండేవి.
ఇప్పుడు నాలుగు.
ఒకటి వట్టిపోయింది,
ఒకటి లిఖిత కాలేజీ ఫీజు కింద పోయింది,
ఇంకోటి... దాని సంగతి అడగొద్దు,
దాని పలుపు ఇంకా గుంజకే ఉంది.

పాల కేంద్రం వాళ్ళు ఆరు వారాలై బిల్లియ్యలేదు.
చేతులు మారుతోందంట.
ఎవరో పెద్దోళ్ళు కొంటున్నారంట.
కొనరంట, మూసేస్తారంట.
తొట్లో ఇన్ని 'అంట'లు పోస్తే
ఏ గేదె మూతి పెడుతుంది?
పత్తి చెక్క బస్తాకి రొక్కం కావాలి.
కొట్టు బసవపున్నయ్య పుస్తకం తీసి
మా పేరు మీద వేలు ఆనించి
ఏమీ అనడు.
తిట్టినా బాగుండు.

వెన్న ఏడు పాయింట్లు వచ్చిన పూట
బళ్ళో ఫస్టు వచ్చిన పిల్లలా
ఖాళీ క్యాను ఊపుకుంటూ నడిచొస్తాను.
ఐదున్నర వచ్చిన పూట
నీళ్ళు కలిపావా అని ఎవరూ అడగరు,
దారి పొడుగునా
నేనే నన్ను అడుగుతుంటాను.

బొట్టు గేదె ఈనిన నాలుగో రోజు
దూడ పోయింది.
దుగ్గిరాల నుంచి పశువుల డాక్టరు
బండి స్టాండు వేసేసరికే పోయింది.
తల్లి అరవలేదు, తన్నలేదు.
గోడకేసి చూస్తూ
పొదుగు బిగబట్టుకు నిలబడింది.
తవుడు పెట్టినా చేపదు,
వేణ్ణీళ్ళతో కడిగినా చేపదు,
నా పక్కటెముకలు దాని కడుపుకి ఆనించి
ఎంతసేపు కూర్చున్నా
చుక్క రాలదు.

అప్పుడు మా అత్త
దూడ తోలుకి ఉప్పు రాసి, నీడన ఆరబెట్టి,
లోపల గడ్డి కూరి
గోనె సంచీ కుట్టినట్టు కుట్టింది.
కాళ్ళు సరిగ్గా కుదరలేదు.
చెవి ఒకటి పైకి, ఒకటి కిందికి.
లిఖిత వాకిట్లోకి వెళ్ళిపోయి
గుమ్మం అవతల నుంచే అడిగింది,
"దానికి తెలీదా నానమ్మా?"
"తెలుసే.
తెలిసే నాకుద్ది."

నాకింది.
ముందు ముట్టెతో తోసి చూసి
తర్వాత ఉప్పగా ఉన్నచోట,
ఆ తర్వాత ఉప్పు లేనిచోట కూడా.
బకెట్ అడుక్కి మొదటి ధార
చుయ్‌ మని తగిలినప్పుడు
నేను తల ఎత్తలేదు.

పొద్దెక్కాక బేరగాడు మీరావలి వచ్చాడు.
పళ్ళు చూశాడు, సుడులు చూశాడు,
గడ్డి దూడని చూసి
కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు.
తువ్వాలు కింద వాళ్ళిద్దరి చేతులూ మాట్లాడుకున్నాయి.
వేళ్ళు నాకు కనపడవు.
మా ఆయన దవడ కదిలే తీరుని బట్టి
ఎన్ని వేలు తగ్గుతున్నాయో లెక్కపెట్టుకున్నాను.
చివరికి చెయ్యి లాక్కున్నాడు.
"వచ్చే సోమవారం చూద్దాం" అన్నాడు.
మజ్జిగ తాగి, గ్లాసు కడిగిచ్చి,
"నేను కొని మాత్రం
ఎవరికమ్ముతానమ్మా ఇప్పుడు"
అన్నాడు మీరావలి.

సాయంత్రం పాలు ఎనిమిది లీటర్లు.
వ్యాను వస్తుందో రాదో.
రాకపోతే తోడు పెట్టడానికి
అటక మీది కాగు దించి తోమి ఉంచాను.
రోడ్డు వారన క్యాను పెట్టుకుని నిలబడితే
పసుపు చేల మీద మసక దిగుతోంది,
అటుగా వచ్చే ప్రతి హారనూ
మనదేనేమో అనిపిస్తుంది.

ఇంటికొచ్చేసరికి
నాకీ నాకీ డొక్క దగ్గర కుట్టు ఊడిపోయింది.
లోపలి గడ్డి బయటికి పొడుచుకొచ్చింది.
బొట్టు గేదె ఓ పోచ లాగి
నిదానంగా నమిలింది.
ఇంకోటి లాగింది.
నేనూ మా ఆయనా చూస్తూ ఉండిపోయాం.
మా అత్త దగ్గి,
దబ్బనం తెమ్మంది.