షీటు మీద చుట్టరికం

గుణుపురం కాలేజీలో, మెట్ల కింది గదిలో
కలరా ఉండల వాసన మధ్య
ముప్ఫై ఒక్కేళ్లుగా నా పని ఇదే:
ఎండిన మొక్కల్ని సూదీ దారంతో
అట్టకి కుట్టడం.

ఇవాళ విప్పిన కట్టలో
ఎవరో ఎప్పుడో మంచుకొండల ఊరి నుంచి పంపిన రెమ్మ.
వంగిన ఈనె పొడుగునా వేలాడే గుండెలు,
ఒక్కోదాని కొసన ఒక్కో బొట్టు.
గులాబి రంగు ఎప్పుడో పోయింది,
టీ మరకల్లా మిగిలాయి.
ఇంగ్లీషు పేరుని మనసులో తెలుగు చేసుకున్నాను:
నెత్తురోడే గుండె.
లేబుల్ ఒడియాలో రాయమన్నారు.
రాయలేదింకా.

సాలమి రైకా తొంగి చూసింది,
పుట్టాసింగి కొండ మీది పిల్ల, రెండో సంవత్సరం.
"దీని చుట్టాలెవరూ మన పక్క లేరా బాబూ?"

లేకేం, అన్నాను.
కూరలో వేసే గసగసాలు ఒక వరస.
రైలు కట్ట మీద రాళ్లలో
తెల్లచారల ముళ్లాకుల బలురక్కసి ఇంకో వరస.

"కంటా కుసుమా?"
చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఒక వానాకాలం సంతలో చవగ్గా దొరికిన ఆవనూనె.
ఆవాల్లో ఆవాల్లాగే కలిసిపోయిన ఆ గింజలు.
వాళ్ల పిన్ని పాదాలు ఉబ్బి
వేలితో నొక్కితే
గుంట అలాగే ఉండిపోయేదట,
తడి మట్టిలో మేక గిట్ట దిగినట్టు.
గుండెకి నీరు పట్టిందన్నాడట డాక్టరు.
పిన్ని నవ్విందట:
"వానాకాలం కదా, అన్నిటికీ పడుతుంది."

ఆ మాట చెప్పి సాలమి
బస్సు టైమైందని వెళ్లిపోయింది.

సాయంత్రం కట్ట దిగి, ఒక కాడ తుంచాను.
ముల్లు ముందు నన్ను తీసుకుంది.
నా వేలి మీద ఎర్రది,
దాని తెగిన చోట చిక్కటి పసుప్పచ్చది,
రెండు చుక్కలూ
కాసేపు పక్కపక్కనే.

పుస్తకం తిరగేస్తే తెలిసింది:
నెత్తురు పేరు పెట్టుకున్నదాని కాడలో
వట్టి నీళ్లేనట.

ఆ పిన్ని పేరు అడగాల్సింది.
గుండెల షీటు వెనక, చుట్టాల కోసం
ఎవరూ గీయని గడిలో
పెన్సిల్తో రాద్దును.

బలురక్కసిని పాత పేపర్ల మధ్య పరిచి
పైన రెండు ఇటుకలు పెట్టాను.
ఆరడానికి వారం పడుతుంది.
పసుపు మరక మాత్రం
అప్పుడే మూడో కాగితానికి దిగింది.