తొమ్మిదో షరతు

కొత్తవాడల మేం మారిన పదకొండు కిరాయిండ్లల్ల
పది ఇండ్ల ఓనర్లు మొదటి రోజే చెప్పిన మాట ఒక్కటే:
గోడకు మేకు కొట్టొద్దు.
పదకొండో ఆయన మంచోడు.
మేకు కొట్టుకోనిచ్చిండు గని
మగ్గం చప్పుడు పడదన్నడు.

మేకు లేకుంటే ఏమైతది?
కాలెండరు కిటికి చువ్వకు ఏలాడుతది,
అంగీలు తలుపు మీద,
మా నాయిన ఫోటో సందూకల బోర్ల పండుతది.

కాయితం మీద ఎవ్వరు రాయని షరతు ఇంకోటి ఉండె.
ఓదెలు సచ్చిపోయిన రాత్రి తెలిసింది.
ఎంజీఎం నుంచి ఆటోల తెస్తే
ఓనరు గేటు కాడ అడ్డం నిలవడ్డడు,
కాళ్లకు చెప్పులు కూడా లెవ్వు,
ఆయన కూడా భయపడ్డట్టే ఉన్నడు.
"మొన్ననే పాలు పొంగిచ్చుకున్నం, ఇండ్లకు వద్దు" అన్నడు.

ఓదెలు ఆ రాత్రంత
మూసిన రేషన్ షాపు ముంగట పన్నడు,
తను నేసిన జంపఖానా మీదనే.
వాన.
యాకూబ్ పాషా బండి మీది టార్పాలిన్ ఊడదీసి తెచ్చిండు.
ఒక కొస ఆయన, ఒక కొస నేను,
ఇంకో రెండు కొసలు ఎవరు పట్టిన్రో యాదికి లేదు.
తెల్లారేదాక ఎవ్వరం కూసోలే.

ఇరుగుపొరుగు ట్రస్టు ఆ టార్పాలిన్ కిందనే పుట్టిందని
ఇప్పుడు మీటింగులల్ల చెప్తరు.
అబద్ధం.
ఆ రాత్రి మాకు పుట్టింది చలి, కోపం. అంతే.
ట్రస్టుకు ఆరేండ్లు పట్టింది.

నూటెనభై గడపలు, వారానికి యాభై.
చిట్టా నేనే రాసేది.
పైసలు లేనోళ్లు ముఖం చాటేస్తుండె,
నేను కూడా రెండు వారాలు నాకు నేనే బాకీ.
గొర్రెకుంట అవతల గుంట తక్కువ ఎకరం,
సౌడు నేల, జొన్న కూడా మొలవది.
"ఒక్కరి పేరు కాదు సార్, అందరి పేరు మీద రాయున్రి" అంటే
రిజిస్ట్రాఫీసు గుమస్తా కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.
"అందరు అనే పట్టాదారు ఉండడమ్మా."

ఉన్నడు. తొమ్మిదిసార్లు తిరిగి రాయించినం.
ఇల్లు నీది, జాగ ట్రస్టుది.
పోయేటప్పుడు నువ్వు పెట్టింది మిత్తితోని తీస్కపో,
నేల ధర లేసిందని ఎగరకు.
మా మరిది నవ్విండు:
"అమ్ముకోరాని ఇల్లు ఇల్లెట్లయితది వదినా?"
చాయ్ తాగి పోయిండు.
నిరుడు దరఖాస్తు పెట్టిండు. లిస్టుల నలభై మూడోడు.

ఇరువై నాలుగిండ్లు. రెండర్రలు, మగ్గానికి జాగ.
చిట్టీలేసి పేర్లు తీసినం.
తాళంచెవులు పంచింది నేనే.
నా పేరు రాలే. నాది పందొమ్మిది.

ఆ పొద్దు ఇండ్లన్నిట్ల ఒక్కటే చప్పుడు.
అవసరం లేకున్న మేకులు.
యాకూబ్ కొడుకైతే ఒక్క గోడకే పదిహేడు కొట్టిండు.
"పచ్చి గోడరా, పలుగుతది!" అని
లచ్చు మేస్త్రి తల పట్టుకొని ఇల్లిల్లు ఉరికిండు.
ఎవ్వరింటరు?

షరతులు ఎనిమిది వకీలు రాసిండు.
కిరాయికియ్యొద్దు, మోరి కలిసి తియ్యాలె, అసొంటియి.
తొమ్మిదోది ఓదెలు పెండ్లాం బుచ్చమ్మ చెప్పి రాయించింది:
ఈ ఇంట్ల సావొచ్చు.
"చట్టంల దీనికి అవసరం లేదు" అన్నడు వకీలు.
"ఉండనియ్" అన్నది.

మొన్న ఆషాఢంల బుచ్చమ్మ పోయింది.
ఏడో నంబరు ముందర్రల పండవెట్టినం,
తల దక్షిణానికి.
వాన బయట కొట్టింది.
బయటనే కొట్టింది.
వచ్చినోళ్లందరం కూసున్నం.
పక్కింట్లకెల్లి చాయ్ వచ్చింది, మళ్లొచ్చింది,
తొందర పెట్టినోళ్లు లేరు.

గోడకు ఓదెలు ఫోటో.
దాని పక్కన, జానెడు దూరంల,
ఇంకో మేకు, ఖాళీగ.
ఎప్పుడు కొట్టుకున్నదో.